లెన్సు మీది అంకెలు చదివాకే రెండో లెన్సు

కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ పెట్టెలో కెమెరాతోపాటు వచ్చిన కిట్ లెన్సును చేతిలోకి తీసుకుని ముందువైపు చూడండి. గాజు చుట్టూ ఉన్న అంచు మీద 18-55 అని, ఆ పక్కన 1:3.5-5.6 అని ఉంటుంది. ముందు అంచు మీదో, మూత లోపలో సున్నాకు అడ్డగీత కొట్టినట్టున్న గుర్తు, దాని పక్కన 52, 55, 58 లాంటి అంకె ఒకటి ఉంటుంది. తర్వాత కొనాల్సిన లెన్సేదో, ఫిల్టరేదో తేల్చుకోవడానికి కావలసిన సమాచారం చాలావరకు ఈ మూడు ముక్కల్లోనే ఉంది. అయినా ఎంతోమంది వీటిని చదవకుండానే దుకాణంలో అంటగట్టిన యూవీ ఫిల్టరు, ఆన్‌లైన్‌లో తగ్గింపు ధరకు దొరికిన ఫిల్టర్ల సెట్టు, స్నేహితుడు చెప్పిన జూమ్ లెన్సు కొనేస్తారు. అనుకున్న ఫొటోలు రాక ఏడాది తిరిగేసరికి కెమెరా బీరువాలోకి వెళ్లిపోతుంది. కష్టపడి సంపాదించిన డబ్బు అలా మూలపడితే చూడలేం. దాన్ని ఆపడానికి కావలసిన లెక్క పెద్దదేమీ కాదు, బడిలో నేర్చిన భాగాహారం చాలు.

ముందుగా 18-55. ఇది ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. కెమెరా సెన్సర్ వెడల్పును ఈ అంకెతో భాగించి, ఎదుటి మనిషికీ మీకూ మధ్య ఉన్న దూరంతో గుణించండి. ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. మధ్యతరగతి ధరలో దొరికే డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ సెన్సర్‌వే. నికాన్‌లో దాని వెడల్పు దాదాపు 23.5 ఎంఎం, కెనాన్‌లో దాదాపు 22.3. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 36. ఇక్కడి లెక్కలన్నీ 23.5తో వేస్తున్నాను, కెనాన్‌వాళ్లు ఫలితంలో ఇరవయ్యో వంతు తగ్గించుకుంటే సరిపోతుంది.

పది అడుగుల దూరం నుంచి 18 ఎంఎం దగ్గర 13 అడుగుల వెడల్పు పడుతుంది. 35 దగ్గర 6.7 అడుగులు. 50 దగ్గర 4.7. జూమ్ చివర 55 దగ్గర 4.3. అదే 200 ఎంఎం లెన్సయితే అడుగుకు కాస్త ఎక్కువ, అంటే ఒక ముఖం, కొంచెం భుజాలు.

ఇప్పుడీ అంకెలను మన ఇళ్లలోకి తీసుకురండి. హాలు 10 అడుగులకు 12 అడుగులు అనుకుందాం. అయిదున్నర అడుగుల మనిషిని తల నుంచి పాదం దాకా, కెమెరాను నిలువుగా పట్టి తీయాలంటే 50 ఎంఎం లెన్సుకు దాదాపు 12 అడుగుల దూరం కావాలి. అంటే వాళ్లు ఒక గోడకు ఆనుకుని, మీరు ఎదుటి గోడలోకి దూరిపోవాలి. 35 ఎంఎం అయితే ఎనిమిది అడుగులకు కాస్త ఎక్కువ చాలు. "మొదటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుగా 50 కొనండి" అన్న సలహా అందరి నోటా వినిపిస్తుంది కానీ, అది ఫిల్మ్ కాలపు సలహా. అప్పటి ఫ్రేము 36 ఎంఎం వెడల్పు. ఏపీఎస్-సీ మీద ఆనాటి 50 చేసిన పనిని ఈనాడు చేసేది 35 లెన్సే. ఇంట్లో పిల్లల్ని, వంటింట్లో అమ్మను, గదిలో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడాన్ని తీయాలనుకునేవాళ్లకు నా మాట 35. గడపలో నిలబడిన అమ్మాయి ముఖాన్ని, ఆరుబయట పెళ్లికూతుర్ని విడిగా తీయాలనుకునేవాళ్లకు 50.

పెద్ద కట్టడాలకూ ఇదే లెక్క. లేపాక్షిలోని ఏకశిలా నంది పొడవు 27 అడుగులు. దాన్ని పక్కనుంచి పూర్తిగా ఫ్రేములో పట్టించాలంటే 18 ఎంఎంతో 21 అడుగుల దూరంలో నిలబడాలి, 35తో 40 అడుగులు, 50తో 57 అడుగులు వెనక్కి వెళ్లాలి. అక్కడ చుట్టూ ఖాళీ స్థలం ఉంది కాబట్టి ఎంచుకునే వీలుంది. 57 అడుగుల నుంచి తీస్తే నంది తలకూ తోకకూ మధ్య నిష్పత్తి కంటికి కనిపించినంత సహజంగా వస్తుంది. 21 అడుగుల నుంచి, కొంచెం ముందువైపుగా తీస్తే తల పెద్దదై శరీరం వెనక్కి సాగుతుంది. రెండూ మంచి ఫొటోలే, ఏది కావాలో ముందే అనుకుని తీయడంలో ఉంది సంగతి. ఇరుకు సందులోని గుడి గోపురాన్ని తీయాలంటే మాత్రం ఎంచుకోవడానికేమీ ఉండదు, 18 కూడా చాలదు. కెనాన్‌లో 10-18, నికాన్‌లో 10-20 ఉన్నది అందుకే. పది ఎంఎం దగ్గర పది అడుగుల నుంచి 23 అడుగులకు పైగా పడుతుంది. కానీ ఇది మూడో లెన్సో, నాలుగో లెన్సో కావలసింది. కొత్తవాళ్లు దీనితో మొదలుపెడితే మనుషులందరూ ఫ్రేము అంచుల్లో సాగిపోయి కనిపిస్తారు.

ఇక రెండో అంకె, 1:3.5-5.6. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సిందిక్కడే. ఫోకల్ లెంగ్త్‌ను ఈ అంకెతో (దీన్నే ఎఫ్/3.5, ఎఫ్/5.6 అనీ రాస్తారు) భాగిస్తే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం (అపెర్చర్) వ్యాసం వస్తుంది. కిట్ లెన్సు 55 దగ్గర, ఎఫ్/5.6తో, 9.8 ఎంఎం. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సులో 27.8 ఎంఎం. వైశాల్యంలో చూస్తే దాదాపు ఎనిమిది రెట్లు. ఫోకల్ లెంగ్త్ తేడా కూడా కలుపుకుంటే సెన్సర్ మీద పడే వెలుతురు 9.7 రెట్లు.

దాదాపు పది రెట్లంటే ఏమిటో రాత్రిపూట ఒక్క ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో చూడండి. అలాంటి గదిలో ఐఎస్‌వో 1600 పెట్టినా ఎఫ్/5.6 దగ్గర షట్టర్ స్పీడు సెకనులో 15వ వంతు దరిదాపుల్లో ఉంటుంది. పాకే పాప చెయ్యి ఆ వ్యవధిలో అంగుళాల కొద్దీ కదిలిపోతుంది. అదే వెలుతురులో ఎఫ్/1.8కి తెరిస్తే స్పీడు 160వ వంతుకు చేరుతుంది, పాప నవ్వు నిలుస్తుంది. ఇక్కడ చాలామంది "మా లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా" అంటారు. మంచి స్టెబిలైజేషన్ మూడు నాలుగు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు లేదా సగం) మేర చేతి వణుకును కాస్తుంది, నిజమే. కానీ అది ఆపేది మీ చేతినే, పాప చేతిని కాదు. నిలబడి ఉన్న దేవుడి విగ్రహానికి అది పనికొస్తుంది, తలంబ్రాలు పోసుకుంటున్న జంటకు పనికిరాదు.

కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం 2015లో వచ్చింది. బరువు 160 గ్రాముల చుట్టుపక్కల, 35 సెంటీమీటర్ల దగ్గరి నుంచి ఫోకస్ అవుతుంది. నికాన్‌వాళ్లకు 2009లో వచ్చిన 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ ఉంది, 200 గ్రాములు. పెద్ద లెన్సుల ధరలతో పోలిస్తే రెండూ సామాన్యుడికి అందేవే. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఫొటోల్లో ఇంత తేడా తెచ్చే వస్తువు మరొకటి నాకు కనిపించలేదు.

అయితే ఎఫ్/1.8కి ఒక మూల్యం ఉంది. అయిదు అడుగుల దూరంలో ఉన్న మనిషిని 50 ఎంఎం, ఎఫ్/1.8తో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఆరున్నర సెంటీమీటర్లు మాత్రమే. మూడడుగులకు జరిగితే రెండున్నర సెంటీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటుంది, చెవి మసకబారుతుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరు కాస్త వెనక్కి వాలితే వాళ్లు పోయినట్టే. ఎఫ్/4కి మూస్తే అదే అయిదు అడుగుల దగ్గర లోతు 14 సెంటీమీటర్లకు పెరుగుతుంది. కాబట్టి ఒక్కరుంటే పూర్తిగా తెరవండి, ఇద్దరుంటే ఎఫ్/2.8, కుటుంబమంతా ఉంటే ఎఫ్/5.6 అని మనసులో పెట్టుకుంటే చాలు. మరీ ఎక్కువ మూయడమూ మంచిది కాదు. ఎఫ్/22 దగ్గర ఒక చుక్క వెలుతురు సెన్సర్ మీద దాదాపు 30 మైక్రాన్ల వలయంగా పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ దాదాపు 4 మైక్రాన్లే. అంతా స్పష్టంగా రావాలని ఎఫ్/22 పెడితే అంతా కొద్దిగా మెత్తబడుతుంది. కిట్ లెన్సునే 18 దగ్గర ఎఫ్/8కి పెట్టి, రెండు మీటర్ల దూరంలోని వస్తువు మీద ఫోకస్ చేసి చూడండి. మీటరు దూరం నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది.

కిట్ లెన్సును చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. అది 25 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లి ఫోకస్ చేయగలదు, అక్కడ వస్తువు అసలు పరిమాణంలో దాదాపు మూడోవంతు సెన్సర్ మీద పడుతుంది. అంటే ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేము నిండుతుంది. మందార పువ్వు, సీతాకోకచిలుక, పట్టుచీర అంచు ఇవన్నీ అందులో వచ్చేస్తాయి. ఫిల్టర్ల సెట్టులో ఇచ్చే ప్లస్ 4 క్లోజప్ గాజును 55 దగ్గర పెట్టి, ఫోకస్‌ను అనంతం మీద ఉంచితే వచ్చేది అయిదోవంతు పరిమాణమే. కిట్ లెన్సు ఒంటరిగా చేసేదానికన్నా తక్కువ.

దూరాన్ని దగ్గర చేసే లెన్సు అందరికీ కావాలనిపిస్తుంది. దసరా నాడు చూసి మొక్కే పాలపిట్టను తీసుకోండి, పొడవు సుమారు అడుగు. అది వంద అడుగుల దూరంలో కరెంటు తీగ మీద వాలి ఉంటే, 55 ఎంఎం ఫ్రేములో 43 అడుగుల వెడల్పు పడుతుంది. 6,000 పిక్సెల్ల వెడల్పున్న ఫొటోలో పిట్టకు దక్కేది 140. ఫోన్లో చూసినా అది నీలిమచ్చే. 300 ఎంఎం అయితే ఫ్రేము 7.8 అడుగులు, పిట్టకు 766 పిక్సెల్లు. ఓపికగా, చప్పుడు చేయకుండా 40 అడుగుల దగ్గరికి చేరగలిగితే అదే లెన్సుతో 1,900 దాటుతాయి. లక్షలు పోసి కొనే లెన్సు ఇచ్చేదాన్ని 60 అడుగుల నడక ఇస్తుందన్నమాట. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్ల మీద ఉన్న పెలికాన్ల దగ్గరికి మాత్రం అలా వెళ్లకూడదు, వెళ్లనవసరమూ లేదు. నాలుగడుగులకు పైబడిన పక్షి వంద అడుగుల నుంచే 300 ఎంఎం ఫ్రేములో సగానికి పైగా నిండుతుంది.

కెనాన్ 55-250 ఎస్‌టీఎం బరువు 375 గ్రాములు, నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 వీఆర్ 415 గ్రాములు. పగటి వెలుతురులో రెండూ చక్కగా పనిచేస్తాయి. వీటి చివర ఎఫ్/5.6, ఎఫ్/6.3 మాత్రమే ఎందుకంటే మళ్లీ అదే భాగాహారం. 300ని 6.3తో భాగిస్తే 48 ఎంఎం రంధ్రం. 300 ఎఫ్/2.8 కావాలంటే 107 ఎంఎం గాజు కావాలి. అందుకే ఆ లెన్సుల బరువు రెండు కిలోలు దాటుతుంది, ధర లక్షలకు చేరుతుంది. చేత్తో పట్టి తీసేటప్పుడు షట్టర్ స్పీడు ఫోకల్ లెంగ్త్‌కు ఒకటిన్నర రెట్ల వంతుకన్నా తగ్గకూడదన్నది పాత నియమం. 300 దగ్గర అది 450వ వంతు, అంటే 500 పెట్టుకోవాలి. మబ్బు పట్టిన ఉదయం ఎఫ్/6.3 దగ్గర దీనికి ఐఎస్‌వో 800 వరకు పోవాలి. భయపడకండి, ఇప్పటి సెన్సర్లకు 800 ఒక లెక్క కాదు.

కొనేముందు మౌంట్ (లెన్సు కెమెరాకు బిగిసే చోటు) దగ్గర జాగ్రత్త. కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి ఉంది, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి. కెనాన్‌లో ఈఎఫ్ అని ఉన్నవి ఏ డీఎస్‌ఎల్‌ఆర్‌కైనా సరిపోతాయి, ఈఎఫ్-ఎస్ అని ఉన్నవి ఏపీఎస్-సీకి మాత్రమే. నికాన్‌లో చిక్కు వేరు. డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ చవగ్గా దొరుకుతుంది, బిగుస్తుంది కూడా, కానీ ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి. మోటారు లెన్సులోనే ఉందని చెప్పే ఏఎఫ్-ఎస్ అన్న గుర్తు ఉందో లేదో చూడండి. ఏఎఫ్-పీ లెన్సులు డీ90, డీ3100 వంటి పాత బాడీల మీద ఫోకస్ కావు. అమ్మేవాళ్లు ఇవి చెప్పరు, మీరే అడగాలి.

కెనాన్, నికాన్ రెండూ మిర్రర్‌లెస్ వైపు మళ్లాయి కదా, ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సు కొనడం తెలివైన పనేనా అంటే, సెకండ్‌హ్యాండ్‌లో అయితే తప్పకుండా. ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కెనాన్ ఆర్‌ఎఫ్ కెమెరాల మీద పనిచేస్తాయి, మోటారున్న నికాన్ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ కెమెరాల మీద పనిచేస్తాయి. గాజు వృథా పోదు.

ఇక మూడో అంకె, ఫిల్టరు బిగించే మర. ఫిల్టర్ల విషయంలో నా కొలబద్ద ఒక్కటే. కంప్యూటర్లో తర్వాత చేసుకోగలిగిన పనికి గాజు కొనవద్దు. రంగు ఫిల్టర్లు, వెచ్చదనం పెంచేవి, నక్షత్రాలు పుట్టించేవి అన్నీ ఈ ఒక్క ప్రశ్నతో పక్కకు పోతాయి. మిగిలేవి రెండే, పోలరైజర్, ఎన్‌డీ.

యూవీ ఫిల్టరు సంగతి ముందు తేల్చేద్దాం. ఫిల్మ్ కాలంలో అతినీలలోహిత కాంతి దూరపు కొండలను మసకబార్చేది. డిజిటల్ సెన్సర్ ముందు ఆ కాంతిని ఆపే పొర ఎలాగూ ఉంది. కాబట్టి ఇప్పుడది రక్షణ కవచం మాత్రమే. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది, రెండు ముఖాలకూ 8 శాతం. మంచి మల్టీ కోటింగ్ ఉంటే ఒక్కో ముఖానికి అర శాతం దరిదాపుల్లోకి దిగుతుంది. చవక యూవీ ఫిల్టరుతో దీపావళి రాత్రి తీసి చూడండి, ప్రతి దీపానికీ ఎదురుగా ఒక దొంగ దీపం కనిపిస్తుంది. విశాఖ బీచ్‌లో ఉప్పుతుంపర ఎగిరేటప్పుడు, బోనాల్లో పసుపు గాలిలో తేలేటప్పుడు మల్టీ కోటింగ్ ఉన్నది బిగించండి. మిగతా రోజుల్లో లెన్స్ హుడ్ చాలు, అది దెబ్బల నుంచీ కాపాడుతుంది, పక్కనుంచి పడే ఎండనూ ఆపుతుంది.

పోలరైజర్ మాత్రం నేను మనసారా సిఫారసు చేసే గాజు. నీటి మీద, ఆకు మీద, అద్దం మీద మెరిసే ప్రతిబింబాన్ని అది కోస్తుంది. కంప్యూటర్లో ఆ మెరుపు కింద ఏముందో తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే ఆ సమాచారం సెన్సర్‌కు చేరనేలేదు. నీటికి వక్రీభవన గుణకం 1.33. దీని నుంచి ఒక అందమైన లెక్క వస్తుంది. మీ కెమెరా నీటిమట్టానికి ఎంత ఎత్తులో ఉందో దానికి 1.33 రెట్ల దూరంలో ఉన్న నీటి మీద పోలరైజర్ ప్రభావం అత్యధికం. కొలను గట్టున కెమెరా అయిదడుగుల ఎత్తులో ఉంటే, 6.6 అడుగుల ముందున్న నీళ్లలో చేపలు, గులకరాళ్లు తేటగా కనిపిస్తాయి. వరినాట్లు వేసిన మడి దగ్గర కూర్చుని మూడడుగుల ఎత్తు నుంచి తీస్తే నాలుగడుగుల దూరంలోని నీళ్లు. అద్దానికి ఈ గుణకం దాదాపు 1.5. దుకాణం అద్దం వెనక ఉన్న చీరను తీయాలంటే, అద్దానికి నాలుగడుగుల దూరంలో ఉంటే ఆరడుగులు పక్కకు జరిగి ఏటవాలుగా తీయండి. స్టీలు గిన్నె, బంగారు నగ మెరుపు మీద మాత్రం ఇది పనిచేయదు, లోహపు ప్రతిబింబం లొంగదు.

ఆకాశం విషయంలో సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ప్రభావం ఎక్కువ. చూపుడువేలు సూర్యుడివైపు పెట్టి, బొటనవేలిని దానికి అడ్డంగా చాపి మణికట్టు తిప్పితే, బొటనవేలు చూపే దిశలన్నీ నీలం ముదిరేవి. 18 ఎంఎం దగ్గర అడ్డంగా 66 డిగ్రీలు పడతాయి కాబట్టి ఆకాశంలో ఒక పక్క ముదురు, మరో పక్క వెలిసినట్టు రావచ్చు. 28, 35కి జూమ్ చేస్తే సర్దుకుంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్, మీటరింగ్ సగం వెలుతురు దాటనిచ్చే అద్దం మీద ఆధారపడి ఉంటాయి, అందుకే సీపీఎల్ అని రాసి ఉన్న సర్క్యులర్ రకమే కొనాలి. ఇది ఒకటిన్నర స్టాప్‌ల వెలుతురు తింటుంది. 250వ వంతు ఉన్న స్పీడు 90వ వంతుకు దిగుతుంది. గదిలోకి రాగానే తీసేయడం మరవకండి.

ఎన్‌డీ ఫిల్టరు వెలుతురును తగ్గిస్తుంది, అంతే. దాని మీది అంకెలు కంపెనీని బట్టి మారుతూ తికమకపెడతాయి. ఎన్‌డీ8 అంటే వెలుతురు ఎనిమిదోవంతు, మూడు స్టాప్‌లు, దాన్నే కొందరు 0.9 అని రాస్తారు. ఎన్‌డీ64 ఆరు స్టాప్‌లు, 1.8. ఎన్‌డీ1000 పది స్టాప్‌లు, 3.0. ఒక్కో స్టాప్‌కు 0.3 అని గుర్తుంచుకుంటే చాలు. ఎన్‌డీ1000తో 60వ వంతు సెకను 17 సెకన్లవుతుంది. సముద్రాన్ని పొగమంచులా మార్చే ఫొటోలు దీనివే. కానీ కుంటాల జలపాతానికి అంత అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్‌వో 100, ఎఫ్/16 దగ్గర 100వ వంతు వస్తుందనుకోండి. పోలరైజర్ ఒకటిన్నర, ఎన్‌డీ8 మూడు, కలిపి నాలుగున్నర స్టాప్‌లు, స్పీడు పావు సెకనుకు దిగుతుంది. నీటిధార పట్టుదారాల్లా జారడానికి అదే సరైన వ్యవధి. 17 సెకన్లు తెరిస్తే నీటి ఆకారమే పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. ట్రైపాడ్ మాత్రం తప్పనిసరి. ఎక్కువసేపు తెరిచేటప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్ వెనకనుంచి కూడా వెలుతురు దూరి మీటరింగ్‌ను తప్పుదారి పట్టిస్తుంది, దాన్ని మూతతోనో చేతిరుమాలుతోనో కప్పండి. ఇంకొక్క మాట, ఇది ఫొటోల గురించి కాదు. ఎన్‌డీ1000 పెట్టినా సరే, వ్యూఫైండర్లోంచి సూర్యుణ్ణి చూడకండి. సూర్యుడి కోసం చేసిన ఫిల్టర్ లక్షోవంతు వెలుతురునే పోనిస్తుంది. వెయ్యోవంతు కంటిని కాపాడదు.

మర వ్యాసం ఇప్పుడు పనికొస్తుంది. కెనాన్ 50కి 49, కిట్ లెన్సుకూ 55-250కీ 58, 10-18కి 67. ఒక్కోదానికి ఒక్కో పోలరైజర్ కొనకుండా, అన్నింటికన్నా పెద్ద మరకు సరిపోయేది మంచిదొకటి కొని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు బిగించుకోండి. నికాన్‌లో 35కి 52, ఏఎఫ్-పీ కిట్ లెన్సుకు 55, 70-300కి 58. అక్కడ 58 ఒక్కటి, రెండు రింగులు చాలు. రింగు బిగిస్తే హుడ్ సరిగ్గా కూర్చోదు, అదొక్కటే లోపం.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు ఫోన్ టార్చి వెనకనుంచి వేసి, ఏటవాలుగా లోపలికి చూడండి. సన్నటి గీతలు, దుమ్ము రేణువులు ఫొటోలో కనిపించవు, వాటికి ధర తగ్గించమని అడిగి తీసుకోవచ్చు. లోపల తెల్లటి దారాలు అల్లుకుని ఉంటే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. అపెర్చర్ రేకుల మీద నూనె మెరిస్తే కూడా వద్దు. కోస్తా ఊళ్లలో గాలి తేమ 70 శాతం దాటడం మామూలే, అరవై దాటిన తేమలో నెలల తరబడి మూసి ఉన్న తోలు సంచి ఫంగస్‌కు ఇష్టమైన చోటు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు పెట్టుకోండి. ముల్లు 40కీ 50కీ మధ్య ఉండాలి. జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేయండి, వానాకాలంలో అయితే వారానికోసారి చూడండి.